సిలికాన్ వ్యాలీ, పట్టుగూళ్లు, పని మానుకునే హక్కు

(పెద్దపంజాణిలో స్త్రీల సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఒక పరిశోధన గురించి చెప్పమన్నారు. పెద్దపంజాణిలో కూర్చుని కాలిఫోర్నియా ముచ్చట ఎందుకని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. మన ప్రాంతాల ఆడపిల్లలు శ్రీసిటీ దిక్కుకూ, కోలారు దిక్కుకూ, శ్రీపెరుంబుదూరు దిక్కుకూ ఫోన్లు కూర్చే పనికి పోతున్న కాలమిది. అలాంటి ఫ్యాక్టరీ ఎక్కడ వచ్చినా నాయకులు చెప్పే మాట సిలికాన్ వ్యాలీ. ఆ మాటకు అర్థమేమిటో లోతుగా శోధించి చెప్పింది ఒక స్త్రీ. బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలు అనలీ సాక్సీనియన్.

ఆమె 1994లో ‘రీజనల్ అడ్వాంటేజ్’ అనే పుస్తకం రాసింది. అమెరికాలో రెండు చోట్ల ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ పెరిగింది. ఒకటి తూర్పున బోస్టన్ చుట్టూ ఉన్న రూట్ 128, రెండోది పడమట సిలికాన్ వ్యాలీ. 1980లలో రెండూ దెబ్బతిన్నాయి. ఒకటి లేచింది, ఇంకొకటి లేవలేకపోయింది. ఎందుకని ఆమె ప్రశ్న. బోస్టన్ కంపెనీలు అన్నీ తమ గోడల లోపలే చేసుకునేవి. రహస్యం బయటకు పోకూడదు, మనిషి జీవితమంతా అక్కడే ఉండాలి. పడమట చిన్న కంపెనీలు ఒక్కొక్కటి ఒక్కో భాగం చేసేవి. ఇంజనీర్లు ఈ కంపెనీ మాని ఆ కంపెనీకి పోయినా పాత స్నేహం తెగేది కాదు. పనితో పాటు తెలివి కూడా చేతులు మారేది.

మన పట్టు సంగతి చూడండి. గుడ్లు ఒకరు ఇస్తారు, చాకీ పురుగులు ఇంకొకరు పెంచి ఇస్తారు. మల్బరీ తోట మనది. చంద్రికలు తక్కువైతే పక్కింట్లో అడుగుతాం. గూళ్లు శిడ్లఘట్టకో రామనగరానికో పోతాయి. దారం తీసేవాళ్లు వేరు, మదనపల్లె దగ్గర నీరుగట్టువారిపల్లెలో నేసేవాళ్లు వేరు. ఏ ఒక్క ఇల్లూ పట్టుచీర మొత్తం చేయదు, ప్రాంతమంతా కలిసి చేస్తుంది. పురుగుకు రోగమొస్తే ఏ మందు పనిచేసిందో నాలుగు ఊళ్లకు తెలిసిపోతుంది. ఆమె చెప్పింది ఇదే. అయితే రాత్రి లేచి ఆకు వేసేది మనం, గూళ్లు అమ్మిన డబ్బు చాలా ఇళ్లల్లో మగవాడి ఖాతాలో పడుతుంది. ఈ సంగతి ప్రాంతీయ పరిశ్రమల లెక్కల్లోకి రాదు.

ఆ పుస్తకంలో వ్యాగన్ వీల్ అనే మద్యశాల వస్తుంది. మౌంటెన్ వ్యూ ఊళ్లో ఇంజనీర్లు సాయంత్రం అక్కడ చేరి చిప్పుల గురించి మాట్లాడుకునేవారట. సారా అంగళ్లు మూయించిన మనకు నవ్వొస్తుంది. మగవాళ్లు తాగే చోటే పరిశ్రమకు బడి అయినప్పుడు, పొద్దుగూకేసరికి ఇల్లు చేరి పిల్లలకు అన్నం పెట్టాల్సిన ఆడమనిషి ఆ బడిలో చేరేదెప్పుడు?

పుస్తకం నిండా ఇంజనీర్లే. చిప్పులు కూర్చిన ఆడవాళ్లు, ముఖ్యంగా మెక్సికో, ఫిలిప్పీన్స్, వియత్నాంల నుంచి వచ్చినవాళ్లు, అందులో దాదాపు కనపడరు. సాన్‌హోసేలో ఫెయిర్‌చైల్డ్ ఫ్యాక్టరీ నుంచి రసాయనం కారి తాగునీటి బావిలో కలిసిన సంగతి 1982లో లోకానికి తెలిసింది. ‘పొగ లేని పరిశ్రమ’ అన్న పేరు అక్కడే చెడింది. పిల్లల జబ్బులు చూసి మొదట ప్రశ్నించినవాళ్లలో ఆ వీధి తల్లులున్నారు.

1999లో ఆమె మరో నివేదిక ఇచ్చింది. 1980 తర్వాత ఆ లోయలో పుట్టిన సాంకేతిక కంపెనీల్లో దాదాపు నాలుగో వంతు చైనా, భారతదేశాల నుంచి వచ్చిన ఇంజనీర్ల చేతుల్లో ఉన్నాయని తేల్చింది. 2006 నాటి పుస్తకంలో, తెలివి వలసపోవడం కాదు, తిరుగుతూ ఉండడం అంది. మన తెలుగువాళ్లు ఈ మాటకు పొంగిపోయారు. ఆ ఇంజనీర్ల వెంట వెళ్లిన చదువుకున్న భార్యల మాటేమిటి? వాళ్ల వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. 2015 మే నెలలో కొందరికి మాత్రం, అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటితేనే, అనుమతి దొరికింది. భర్త కాగితం కదిలితేనే భార్య తెలివి కదులుతుంది!

ఇక కుప్పం. 1939లో ఒక గ్యారేజీలో మొదలై ఆ లోయకు ఆదిగా చెప్పుకునే హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ 2002లో కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే మూడేళ్ల పథకం పెట్టింది. సమాచార కేంద్రాలు తెరిచారు. స్వయం సహాయక సంఘాల స్త్రీలు కొందరికి డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే ప్రింటరు ఇచ్చి గ్రామ ఫొటోగ్రాఫర్లను చేశారు. మన ఆడవాళ్లు కెమెరా పట్టి సంపాదించారు. దాన్ని నేను తక్కువ చేయను. కానీ ప్రింటరు చెడితే బాగుచేసే అంగడి, కాగితం పోటీగా అమ్మే ఇంకో వ్యాపారి, పని నేర్చి వేరుగా పెట్టుకునే పది చోట్లు చుట్టూ ఉండాలి కదా? ఒక పెద్ద కంపెనీ వచ్చినంత మాత్రాన ప్రాంతం లేవదు. సాక్సీనియన్ పుస్తకం కుప్పం పథకానికి ఎనిమిదేళ్ల ముందే వచ్చింది, తెలుసుకోదలచినవాళ్లకు అందులోనే ఉంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఇంకొకటి. కాలిఫోర్నియాలో 1872 నుంచి ఒక చట్టం ఉంది. పని మానినవాణ్ణి పోటీ కంపెనీకి పోవద్దని కట్టేసే ఒప్పందం అక్కడ చెల్లదు. లోయ ఎదుగుదలకు ఈ చట్టమూ కారణమని 1999లో రోనాల్డ్ గిల్సన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు వాదించాడు. విచిత్రమేమంటే మన కాంట్రాక్టు చట్టమూ 1872లోదే, దాని 27వ సెక్షన్ కూడా దాదాపు అదే చెబుతుంది. శిక్షణ ఖర్చు పేరుతో రాయించుకునే బాండ్లను మాత్రం కోర్టులు వేరుగా చూస్తాయి. అంటే, పని మానుకోగల మనిషే ఆ లోయకు పునాది. మన పిల్లలు పోయే ఫ్యాక్టరీలకు పునాది ఏమిటి?

2020 డిసెంబరులో కోలారు దగ్గర నరసాపురలో విస్ట్రాన్ ఫ్యాక్టరీ కార్మికులు జీతాల కోసం తిరగబడ్డారు. 2021 డిసెంబరులో శ్రీపెరుంబుదూరు ఫాక్స్‌కాన్ ఆడపిల్లలు హాస్టలు తిండి తిని జబ్బుపడితే, తోటివాళ్లు చెన్నై–బెంగళూరు రహదారి మీద కూర్చున్నారు. పెళ్లయిన ఆడవాళ్లను అక్కడ ఐఫోన్ కూర్పు పనిలోకి తీసుకోవడం లేదని 2024లో రాయిటర్స్ బయటపెట్టింది. పెళ్లి కాకముందు హాస్టలు గోడ, పెళ్లయ్యాక గేటు మూత. ఇందులో తెలివి చేతులు మారేదెక్కడ? ఫోన్ కూర్చడం నేర్చిన పిల్ల ఊరికొచ్చి చిన్న మరమ్మతు అంగడైనా పెట్టుకునే దారి ఎవరు వేశారు?

కాబట్టి మీ ఊరి పిల్ల పనికి పోయేటప్పుడు ఐదు సంగతులు అడగండి. ఆమె పేరు కంపెనీ రిజిస్టరులో ఉందా, కాంట్రాక్టరు దగ్గరా? అసలు సర్టిఫికెట్లు ఎవరి చేతిలో ఉన్నాయి? పి.ఎఫ్. నంబరు ఆమెకు తెలుసా? పని మారినా ఆ నంబరు ఆమెదే. హాస్టలు నుంచి సెలవురోజు బయటకు పోనిస్తారా? లైంగిక వేధింపుల మీద 2013 చట్టం చెప్పిన కమిటీలో ఎవరెవరున్నారో ఆమెకు చెప్పారా?

వచ్చే సమావేశానికి, ఆ పిల్లలూ తల్లిదండ్రులూ ఒప్పుకుంటే, వాళ్ల నియామక పత్రాల నకళ్లు తీసుకురండి. ఇంగ్లీషులో ఉన్నా ఫరవాలేదు, కూర్చుని వరుసవారీగా చదువుదాం. పట్టు పెంచే ఇళ్లవాళ్లు బ్యాంకు పాసుపుస్తకం కూడా తెచ్చుకోండి, పేరెవరిదో చూద్దాం.