ఆట అన్నం పెడుతుందా?

(ధర్మపురిలో మన సంఘంవారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయింది. ఎవరి రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో, రాజపూజ్యమెంతో, అవమానమెంతో అందరం విన్నాము. నాకు అప్పగించిన విషయం క్రీడలు. క్రీడాకారుని బ్రతుకులో ఈ నాలుగూ ఒక్కొక్కప్పుడు ఒకే ఏడాదిలో వచ్చి పడతాయి గనుక, పంచాంగం తరువాత ఆటల గూర్చి మాట్లాడడం అసందర్భం కాదనుకుంటాను.

మనలో చాలామంది ఇళ్లలో నలుగుతున్న ప్రశ్న ఒకటుంది. బడి వదలగానే పిల్లవాడు బంతి తీసుకుని మైదానానికి పోతానంటాడు. తల్లి ట్యూషనుకు పొమ్మంటుంది. తండ్రి, ‘ఆట అన్నం పెడుతుందా?’ అంటాడు. ఆ తండ్రిని తప్పు పట్టడానికి నేను రాలేదు. పొలమూ పుట్రా వెనుక వదిలి, ఉద్యోగానికో వ్యాపారానికో పరాయి రాష్ట్రం వచ్చినవాళ్లం మనం. ఇక్కడ మనకున్న ఆస్తి పిల్లల చదువొక్కటే. దానిని పణం పెట్టమంటే ఎవరికైనా గుండె దడ పుడుతుంది. కాబట్టి ఆ ప్రశ్నకు ఆవేశంతో గాక, జరిగిన సంగతులు ముందు పెట్టుకుని జవాబు వెతుకుదాము.

దూరం పోనక్కరలేదు. మన పొరుగున ఉన్న సేలం జిల్లాలో చిన్నప్పంపట్టి అనే ఊరుంది. 1965 అక్టోబరు 2న ధర్మపురి వేరు జిల్లా అయ్యేవరకూ మనమూ ఆ జిల్లావారమే. ఆ ఊళ్లో 1991లో ఒక బీద ఇంట నటరాజన్ అనే పిల్లవాడు పుట్టాడు. తండ్రి నేతపని కూలి. తల్లి రోడ్డు పక్క చిన్న అంగడి పెట్టుకుని సంసారం ఈదింది. అయిదుగురు సంతానంలో ఇతడు పెద్దవాడు. ఇరవై ఏళ్లు వచ్చేదాకా అతనికి తెలిసిన క్రికెట్టు టెన్నిస్ బంతితో ఆడేదే. అసలైన తోలు బంతి కొనే స్తోమత ఎక్కడిది?

ఇక్కడొక చిత్రం చూడండి. టెన్నిస్ బంతి తేలిక. మామూలుగా విసిరితే బ్యాటు పట్టినవాడు ఊరవతలికి కొట్టేస్తాడు. అతడు కొట్టలేని బంతి ఒక్కటే: సరిగ్గా పాదాల దగ్గర నేలను తాకేది. దానినే యార్కర్ అంటారు. వీధి క్రికెట్టులో బ్రతకడానికి నేర్చుకున్న ఆ ఒక్క విద్యే తరువాత అతనికి అన్నం పెట్టింది. లేమి ఒక్కొక్కప్పుడు గురువు కూడా అవుతుంది కాబోలు.

అయితే విద్య ఒక్కటే చాలదు. దానిని గుర్తించే కన్ను కావాలి. అదే ఊరికి చెందిన జయప్రకాశ్ అనే ఆయన ఈ కుర్రవానిని చూసి, వెన్ను తట్టి, మదరాసు తీసుకుపోయి, అక్కడి లీగులో చేర్చాడు. చివరి మెట్ల డివిజనుతో మొదలుపెట్టి, జాలీ రోవర్స్ వంటి పేరున్న క్లబ్బు దాకా నటరాజన్ ఎక్కాడు. 2015 జనవరిలో తమిళనాడు తరఫున రంజీ ఆట. రాజపూజ్యం వచ్చిందనుకున్నారు. వెంటనే అవమానం వచ్చింది. బంతి వేసే చెయ్యి నియమం ప్రకారం లేదని అంపైర్లు అనుమానం తెలిపారు.

అమ్మలారా, అయ్యలారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇరవై మూడేళ్లకు, చేతిలో వేరే పని లేని బీదవానికి, ‘నీకు వచ్చిన ఒక్క విద్యా తప్పుగా వచ్చింది’ అని చెబితే ఎట్లా ఉంటుంది? అతడు మాజీ క్రీడాకారుల సాయంతో అక్షరాభ్యాసం నాటి పిల్లవానివలె మొదటినుంచీ చెయ్యి తిప్పడం నేర్చుకున్నాడు. దానికి నెలల తరబడి పట్టింది. 2016లో మొదలైన తమిళనాడు ప్రీమియర్ లీగులో దిండిగల్ జట్టుకు ఆడి, మళ్లీ అందరి కంటా పడ్డాడు.

2017 ఫిబ్రవరిలో ఐపీఎల్ వేలం. పది లక్షల మూల ధర ఉన్న ఇతనిని పంజాబు జట్టు మూడు కోట్లకు కొన్నది. ఆదాయమంటే అది! కాని ఆ ఏడు అతనికి దక్కినవి ఆరు ఆటలు, రెండు వికెట్లు. మరుసటి ఏడు పంజాబు వదిలేసింది. నలభై లక్షలకు సన్‌రైజర్స్ హైదరాబాదు తీసుకున్నది. 2018లోనూ, 2019లోనూ ఒక్క ఆట కూడా ఆడించలేదు. రెండేళ్లు బెంచీ మీద కూర్చుని, రోజూ సాధన చేసి, తన వంతు కోసం కనిపెట్టుకుని ఉండడం బంతి వేయడం కన్న కష్టమైన విద్య.

2020లో వంతు వచ్చింది. ఆ సీజనులో పదహారు వికెట్లు. నవంబరు 6న అబూదాబిలో డివిలియర్స్ అంతటివాని వికెట్లను యార్కరుతో పడగొట్టాడు. ఇంటి దగ్గర తొలి బిడ్డ పుట్టిన వేళ అతడు అక్కడే ఉన్నాడు. అక్కడినుంచి ఆస్ట్రేలియా ప్రయాణం. జట్టులో సభ్యుడుగా కాదు, సాధనలో బంతులు వేసి పెట్టేవాడుగా! గాయపడినవారి స్థానాలలో పిలుపు రాగా, డిసెంబరు 2న ఒక రోజు ఆట, 4న ఇరవై ఓవర్ల ఆట, 2021 జనవరి 15న బ్రిస్బేనులో టెస్టు ఆడాడు. ఒకే పర్యటనలో మూడు రకాల ఆటలలోనూ తొలి అవకాశం పొందిన మొదటి భారతీయుడు ఇతడే. మొదటి ఇన్నింగ్సులో మూడు వికెట్లు తీశాడు.

అదే టెస్టులో మన హైదరాబాదు కుర్రవాడు మహమ్మద్ సిరాజ్ కూడా ఉన్నాడు. ఆటో నడిపి కొడుకును పెంచిన తండ్రి 2020 నవంబరులో కన్నుమూస్తే, ఆస్ట్రేలియాలో ఉన్న సిరాజ్ ఇంటికి తిరిగి రాక, జట్టుతోనే నిలిచాడు. బ్రిస్బేను రెండవ ఇన్నింగ్సులో అయిదు వికెట్లు పడగొట్టాడు. 1988 తరువాత ఆ మైదానంలో ఓటమి ఎరుగని ఆస్ట్రేలియాను మనవాళ్లు మూడు వికెట్ల తేడాతో ఓడించారు. నేతకూలి కొడుకూ, ఆటోవాలా కొడుకూ కలిసి బంతులు వేశారు. ఒకడు తమిళుడు, ఒకడు హైదరాబాదీ. మనవంటి రెండు ప్రాంతాలవారికి ఇంతకన్న తీపి కబురేముంది? నటరాజన్ 2024 వరకూ హైదరాబాదు జట్టులోనే ఉన్నాడు. ఆ ఏడు పంతొమ్మిది వికెట్లు తీశాడు. ఆ ఏడేళ్లూ మన ఇళ్లలో పెద్దలకు హైదరాబాదనీ, పిల్లలకు మన పక్క ఊరివాడనీ, ఇద్దరికీ చప్పట్లు కొట్టే భాగ్యం కలిగింది. మరొక మాట: సంపాదించిన తరువాత అతడు తన ఊళ్లో పిల్లల కోసం ఒక క్రికెట్ మైదానం కట్టించాడు. 2023 జూన్‌లో అది తెరిచారు.

ఇంతవరకూ తీపి. ఉగాది పచ్చడిలో వేపపువ్వు కూడా వెయ్యాలి గదా!

మన బళ్లలో చాలామంది పిల్లలు ఇష్టపడే ఆట బాస్కెట్‌బాల్. 1891 డిసెంబరులో అమెరికాలో నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు చలికాలంలో విద్యార్థులకు కాలక్షేపంగా ఉంటుందని పీచుపండ్ల బుట్టలు రెండు బాల్కనీ కమ్మీలకు కొట్టించి ఈ ఆట పుట్టించాడు. ఆ బుట్టే నేటి రింగు. అప్పటి పది అడుగుల ఎత్తు నేటికీ మారలేదు. ఈ ఆటలో పంజాబులో బల్లోకే అనే పల్లెకు చెందిన రైతుబిడ్డ సత్నామ్ సింగ్ కథ తెలుసుకోదగ్గది. ఏడడుగుల రెండంగుళాల మనిషి. పదేళ్ల ప్రాయంలో లూధియానా అకాడమీలో చేరాడు. పద్నాలుగో ఏట, 2010లో, ఉపకార వేతనంపై ఫ్లోరిడాలోని క్రీడా పాఠశాలకు పోయాడు. ఇంగ్లీషు రాదు, తిండి వేరు, అమ్మ లేదు. అయిదేళ్లు తట్టుకున్నాడు. 2015 జూన్‌లో డాలస్ జట్టు అతనిని ఎంపిక చేసుకున్నది. అరవైమందిలో యాభై రెండవవాడు. అమెరికా ఎన్‌బీఏ ఎంపికలో పేరు వినిపించిన మొదటి భారతీయుడు.

తరువాత? రెండేళ్లు టెక్సాస్‌లో ద్వితీయ శ్రేణి లీగు జట్టులో ఆడాడు. ఎన్‌బీఏ ఆటలో మాత్రం ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. కొంతకాలం కెనడాలో ఆడాడు. డోపింగ్ పరీక్షలో నిషిద్ధ పదార్థం కనిపించిందని 2020లో రెండేళ్ల నిషేధం పడింది. ఆపైన కుస్తీ ప్రదర్శనలకు మళ్లాడు. అతని శ్రమ తక్కువదని నేననను. తలుపు ఎంత ఇరుకో చూడమంటాను. ఎన్‌బీఏలో ముప్పై జట్లు, జట్టుకు పదిహేనుమంది. ప్రపంచమంతటికీ నాలుగు వందల యాభై కుర్చీలు. మన ఐపీఎల్‌లో పది జట్లలోనూ నిండుగా చేరితే రెండు వందల యాభైమంది. అందులో విదేశీయులు పోను మనవారికి దక్కేవి నూట డెబ్బై, ఆపైన కొద్ది. ఇంత దేశానికి అంతే!

మరి ఆట అన్నం పెట్టదా? పెడుతుంది, కోట్లతోనే కానక్కరలేదు. మన తమిళనాడు ఆడపడుచు అనితా పాల్‌దురై సంగతి వినండి. దేశపు మహిళా బాస్కెట్‌బాల్ జట్టుకు నాయకత్వం వహించింది. పెళ్లయి తల్లి అయిన తరువాత కూడా ఆటలోకి తిరిగి వచ్చింది. రైల్వేలో ఉద్యోగం చేసుకుంటూ ఆడింది. 2021లో పద్మశ్రీ పొందింది. వేలంపాటలు లేని ఆటలో నెల జీతం, గౌరవం, నలుగురికి నేర్పే యోగ్యత ఆమెకు దక్కాయి. రైల్వేలు, బ్యాంకులు, పోలీసు శాఖ వంటివి క్రీడాకారులకు ఉద్యోగాలిస్తున్నాయి. రాష్ట్ర క్రీడాభివృద్ధి సంస్థవారు బడిపిల్లలకు క్రీడా వసతి గృహాలు నడుపుతున్నారు. కళాశాలలలో కొన్ని సీట్లు ఆటగాళ్లకు కేటాయిస్తారు. ఈ చిన్న తలుపులు పెద్ద తలుపు కన్న వెడల్పయినవి. ఆడపిల్లల తల్లిదండ్రులకు ఈ మాట ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. పదిహేనేళ్లు రాగానే అమ్మాయిని మైదానం నుంచి ఇంటికి పిలిచేస్తే ఈ తలుపులు ఆమెకు మూసినట్లే.

ఇక పెద్దల కర్తవ్యం నాలుగు మాటలలో చెప్పి ముగిస్తాను.

ఒకటి: పన్నెండవ తరగతి దాకా చదువు మానిపించవద్దు. మోకాలు ఒక్కసారి తిరిగితే ఆట ఆగుతుంది. నటరాజన్‌కూ మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. చదువున్నవానికి ఆ దెబ్బ జీవితాన్ని తగలదు.

రెండు: ఇల్లు తాకట్టు పెట్టి శిక్షణ ఇప్పించవద్దు. జట్టులో చోటు ఇప్పిస్తానని డబ్బడిగేవానిని గుమ్మం దగ్గరే సాగనంపండి. నిజమైన గురువు ముందు పిల్లవాని పరుగు చూస్తాడు.

మూడు: బలానికని ఎవరో ఇచ్చిన పొడులూ మాత్రలూ వైద్యునికి చూపించకుండా మింగనివ్వవద్దు. తెలియక తిన్నా నిషేధం పడవచ్చు.

నాలుగు: ఆటకు రోజూ ఒక గంట ఇవ్వండి. అది దొంగ గంట కాకూడదు. చెప్పి వెళ్లి, చెప్పిన వేళకు వచ్చే గంట కావాలి. ఆ గంటలో మన పిల్లవాడు ఈ ఊరి పిల్లలతో కలుస్తాడు. ఓడడం నేర్చుకుంటాడు. ఓడినవాని భుజం మీద చెయ్యి వెయ్యడమూ నేర్చుకుంటాడు. తమిళం మనకన్న వాడికే బాగా వస్తుంది. రేపు ఈ ఊరు పరాయిదన్న మాట వాడి నోట రాదు. కోట్లు రాకపోయినా ఈ రాబడి ఖాయం.

కార్యవర్గంవారికి ఒక విన్నపం. ప్రతి ఏడూ పరీక్షలలో మొదట వచ్చినవారికి బహుమతులిస్తున్నాము, సంతోషం. ఈ ఏటినుంచి ఏదైనా ఒక బడి ఆవరణలో, ప్రధానోపాధ్యాయుల అనుమతితో, రెండు స్తంభాలు నాటి రెండు రింగులు పెట్టిద్దాము. తెలుగు పిల్లలకే అని బోర్డు పెట్టవద్దు. ఎవరి పిల్లలైనా ఆడుకోనివ్వండి. చిన్నప్పంపట్టిలో ఒక జయప్రకాశ్ ఉన్నాడు గనుక ఒక నటరాజన్ వచ్చాడు. ధర్మపురిలో ఏ పిల్లవానిలో ఏముందో మనకు తెలియదు. చూసే కన్ను మనలో ఒకరికి ఉంటే చాలు.

 ఇక ఆడుకోండి.