అతుకు బలమే వస్తువు బలము
(ఒక పఠనమందిర సభయందు గావించిన ఉపన్యాస పాఠము)



గోడకు మట్టి త్రొక్కునపుడు మనవారు వరిగడ్డి కలుపుదురు. గడ్డి మట్టిని బీటలు వాఱనీయక పట్టియుంచును. నేటి విమానములకు వాడు కర్బన మిశ్రమ పదార్థమునకును ధర్మ మిదియే. మట్టికి మాఱుగా ప్లాస్టిక్కు; గడ్డికి మాఱుగా తలవెండ్రుకకంటె మిక్కిలి సన్ననగు కర్బన తంతువులు.

ప్లాస్టిక్కులలో నొక జాతి వేడికి కరగి, చల్లారగానే మరల గట్టిపడును. అందు 'పీక్' అనునది సుమారు 343 సెంటిగ్రేడు డిగ్రీల వేడియందు కరగును. కావున రెండు పలకలను కరగించి, అదిమి, రివెట్లు లేకయే యతుకవచ్చును. రివెట్టునకై తొలుచు ప్రతి రంధ్రమును తంతువులను త్రెంచును. రివెట్టు బరువును హెచ్చించును. ఐరోపావారు 'క్లీన్ స్కై' ప్రణాళికయందు 8 మీటర్ల పొడవుగల విమానదేహ ఖండమును ప్రయోగార్థము నిర్మించి, 2024 నాటికి దాని రెండు సగములను జర్మనీలోని స్టాడె నగరమున వెల్డింగుచే జతపఱచిరి.

అయినను చిక్కు అతుకునందే యున్నది. తంతువులు ఏ పలకలోనివి ఆ పలకలోనే నిలిచిపోవును. నడుమ నుండునది ప్లాస్టిక్కు మాత్రమే. గడ్డి కలపని మట్టితో రెండు గోడలను కలిపినట్లే. బీట ఆ దారినే పట్టును. విద్యుత్తుచే అతుకును కాచుటకు లోపల నుంచు ఉక్కు వల సయితము అందే చిక్కుకొని, పరాయివస్తువై మిగిలిపోవును.

ఇచ్చటనే నానో పదార్థముల యక్కఱ. 1991లో జపాను శాస్త్రజ్ఞుడు సుమియో ఇజిమా వర్ణించిన కర్బన నాళికల మందము మిల్లీమీటరులో పదిలక్షల వంతులతో లెక్కింపదగినది. వానిని పలుచని పొరగా అతుకు నడుమ నుంచిన యెడల, విచ్చుచున్న బీట కడ్డముగా వంతెనలవలె నిలిచి దాని నరికట్టును. అవి విద్యుద్వాహకములు గనుక ఆ పొరయే ఉక్కు వలకు బదులుగా వేడి పుట్టింపగలదు.

కాని అతి సర్వత్ర వర్జయేత్. నాళికలు మితిమీఱినచో ఉండకట్టును. కరగిన ప్లాస్టిక్కు చిక్కనై పాఱదు. లోపల బొల్లు లేర్పడును. బలమీయవలసినదే బలహీనత యగును. ఆ నాళికల ధూళి ఊపిరితిత్తులకు హానికరము కావచ్చును గనుక కార్మికుల రక్షణయు మఱువరానిది.

మేమీ విషయమును వినోదమునకై యెత్తుకొనలేదు. రివెట్టు సడలినచో కంటికి కనబడవచ్చును. లోని యతుకు సరిగా కలియకున్నను పైకి నునుపుగానే యుండును. దానిని నమ్మి ప్రయాణికులు ఆకాశమున కెగురుదురు. కావున శుభ్రమైన తలము, తగినంత వేడి, తగినంత యొత్తిడి మొదట. నానో పదార్థము తరువాత. చెడ్డ యతుకును ఏ నాళికయు మంచి యతుకుగా చేయజాలదు. మంచి యతుకును మాత్రము మఱింత మంచిదిగా చేయగలదు. వేలసార్లు లాగి, వంచి, తేమలో నానవైచి పరీక్షించిన పిమ్మటనే దానిని విశ్వసింపవలెనని మా మనవి.