జాన్ బార్ట్రమ్

1699లో పెన్సిల్వేనియా సీమలో క్వేకరు కర్షక కుటుంబమున జన్మించిన జాన్ బార్ట్రమ్, కళాశాల గడప తొక్కకపోయినను, స్వయంకృషిచే వృక్షశాస్త్రమున ప్రావీణ్యము గడించి, ఫిలడెల్ఫియా చెంత 1728లో కొనిన భూమియందు, నేటికిని నిలిచియున్న ఉద్యానమును నెలకొల్పెను.

కోతలు ముగిసిన పిమ్మట గుఱ్ఱమెక్కి అరణ్యములు గాలించి, సేకరించిన విత్తనములను పెట్టెలకెత్తి, లండను వర్తకుడు పీటర్ కాలిన్సన్ ద్వారా, పెట్టెకు ఐదు గినీల వెలకు, ఆంగ్ల ప్రభువుల తోటలకు పంపుచుండెను.

1765లో మూడవ జార్జి రాజు ఏటికి 50 పౌనుల భృతి నొసగి ఆయనను తన వృక్షశాస్త్రజ్ఞునిగా నియమించెను. ఆ యేటనే జార్జియాలోని ఆల్టమహా నదీతీరమున, కుమారుడు విలియముతో కలిసి ఆయన కనుగొనిన అపూర్వ వృక్షము, మిత్రుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేర ఫ్రాంక్లినియాగా ప్రసిద్ధి కెక్కినది. 1803 తరువాత అడవిలో అది కానరాలేదు. నేడు లోకమున నున్న ఫ్రాంక్లినియాలన్నియు బార్ట్రముల తోట సంతతియేనని విజ్ఞుల అభిప్రాయము.