బొమ్మకు ప్రాణం పోసే విద్య



నిశ్చలమైన బొమ్మకు చలనం కల్పించే విద్యను లోకం నేడు యానిమేషన్ అని వ్యవహరిస్తున్నది. సినిమా తెరపై సెకనుకు 24 చిత్రాలు వరుసగా సాగిపోతాయి. వాటి నడుమనున్న ఎడమును కన్ను పసిగట్టలేక, చలనంగానే గ్రహిస్తుంది. అయితే కదిలినదంతా ప్రాణమున్నదని భావింపరాదు. గాలికి గుడ్డపేలిక కూడా కదులుతుంది. బరువు, ఉద్దేశము ఈ రెండూ గోచరించినప్పుడే బొమ్మ సజీవమవుతుంది.

డిస్నీ సంస్థలో దీర్ఘకాలం పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ అనే చిత్రకారులు 1981లో ప్రకటించిన గ్రంథంలో ఈ విద్యకు 12 సూత్రాలను వివరించారు. వాటిలో కొన్నింటిని గ్రహించుటకు నాందేడు గోదావరి ఘట్టమే చాలు. నిండు బిందెను ఎత్తబోయే స్త్రీ ముందుగా మోకాళ్లు వంచుతుంది. పైకి లేవడానికి ముందు క్రిందికి వంగే ఈ చేష్టయే సన్నాహ సూత్రం. నిండు బిందె నెమ్మదిగా లేస్తుంది. ఖాళీ బిందె చటుక్కున లేస్తుంది. చిత్రకారుడు మొదటిదానికి ఎక్కువ బొమ్మలు, రెండవదానికి తక్కువ బొమ్మలు గీస్తాడు. ఇది కాలగతి సూత్రం. ఆమె నడచి ఆగిన పిమ్మట కూడా కొంగు ఒక క్షణం ముందుకు ఊగి వెనుకకు వస్తుంది. ఇది అనుచలన సూత్రం. ఇవన్నీ శ్రద్ధగా చూచినవారికే అబ్బుతాయి.

ఆ గోదావరి పుట్టిన త్ర్యంబకేశ్వరంలోనే జన్మించిన దాదాసాహెబ్ ఫాల్కే, 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ను విడుదల చేయకముందే, బఠాణీ గింజ మొలకెత్తి మొక్కగా ఎదగడాన్ని రోజుల తరబడి కొద్దికొద్దిగా చిత్రీకరించి తెరపై చూపారు. ఆయన సినిమా విద్య ఓపికతో కూడిన పరిశీలనతోనే ఆరంభమైనది.

కెమెరా పుట్టకముందే తెలుగునాట తోలుబొమ్మలాట ఈ మర్మమును ఎరిగియున్నది. భుజము, మోచేయి, నడుము, మోకాలు అనే కీళ్లవద్ద తోలుముక్కలను దారపు ముడులతో కలుపుతారు. నడిమి బద్ద దేహాన్ని నిలుపుతుంది. చేతులకు వేరుగా పుల్లలుంటాయి. తెరకు ఆనిస్తే రూపం స్పష్టమవుతుంది. దీపంవైపు వెనుకకు లాగితే నీడ పెరిగి మసకబారుతుంది. పద్యపు విరుపును బట్టి చేయి లేస్తుంది, తాళాన్ని బట్టి అడుగు పడుతుంది. అనగా ఆ బొమ్మ కదలికకు కాలగతిని నిర్ణయించేది భాషయే.

ఇందులో నాందేడు విద్యార్థులు ప్రత్యేకంగా గమనింపదగిన విషయమొకటున్నది. శ్రీసత్యసాయి జిల్లాలోని ధర్మవరం సమీపాన గల నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల ఇంటిభాష మరాఠీకి చెందిన ఆరె మాండలికం. ఆటలో పలికేది తెలుగు. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావు గారిని భారత ప్రభుత్వం 2020లో పద్మశ్రీతో సత్కరించింది. అయినను ప్రేక్షకులు తగ్గుటచేత అనేక కుటుంబాలు తోలుతో దీపాల తొడుగులు చేసి అమ్ముకుంటున్నాయి. వారికి జీవనోపాధి లభించుట హర్షణీయమే. కాని దీపపు తొడుగుపై చిత్రించిన హనుమంతుడు సముద్రము లంఘింపలేడు. రంగులు నిలిచాయి, కీళ్లు పోయాయి. కీళ్లతోపాటు పద్యము కూడా మూగబోతున్నది.

1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగమైయుండిన నాందేడులో తెలుగు పిల్లల ఇంటిభాష తెలుగు, వీధిభాష మరాఠీ. తెలుగు బడి ఇక్కడ ఎందుకని ప్రశ్నించేవారికి నిమ్మలకుంటయే సమాధానం. ఇంటి భాషను విడువకయే ఇరుగుపొరుగు భాషలో కళాశిఖరాన్ని అధిరోహింపవచ్చునని ఆ కళాకారులు నిరూపించారు.

కావున విద్యార్థులారా! ఈ సెలవులలో అట్టముక్కలను దారంతో కూర్చి నాలుగు కీళ్ల బొమ్మనొకటి చేయండి. తెల్లని వస్త్రం వెనుక దీపముంచి, తెలుగు పద్యమొకటి చదువుతూ దానిని ఆడించండి. చేయి ఎప్పుడు లేవవలెనో పద్యమే చెబుతుంది. కంప్యూటరు పిమ్మట నేర్వవచ్చును.