ఓడ ఎక్కబోయే ముందు

(మన సంఘం కర్నూలు, కడప శాఖల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఓడ ప్రయాణాల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు మొదట నవ్వొచ్చింది. సముద్రం ముఖం చూడాలంటే మనం ఒక రాత్రంతా రైల్లో కూర్చోవాలి. వేసవిలో మన తుంగభద్రలో మోకాలిలోతు నీళ్లుంటే అదే గొప్ప. కానీ విచారించి చూస్తే మన రెండు శాఖల్లో ఇప్పటికే పదిమందికి పైగా ఓడ ఎక్కి వచ్చారు. కొందరు అండమానుకు పోయారు, కొందరు పిల్లల దగ్గరికి పోయినప్పుడు సింగపూరు నుంచో అమెరికా నుంచో ఎక్కారు. వారిని అడిగి తెలుసుకున్నదీ, మా దంపతుల అనుభవమూ కలిపి ఈ నాలుగు మాటలు మీ ముందుంచుతున్నాను.

నేను నీటిపారుదల శాఖలో 33 ఏళ్లు పనిచేసి 2008లో రిటైరయ్యాను. కాబట్టి ఒక్క మాట కాలువ గురించి చెప్పనివ్వండి. మన కె.సి. కాలువను 1863లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ మొదలుపెట్టినప్పుడు పొలాలకు నీళ్లివ్వడమే కాదు, పడవలు నడపడం కూడా దాని ఉద్దేశమే. లాభం రాక కంపెనీ చేతులెత్తేస్తే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. తర్వాత తర్వాత పడవల మాట అందరూ మరిచిపోయారు. ఇక ఓడల సంగతంటారా, 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు కూలీలను తీసుకుపోయింది. ఆ తర్వాత అలాంటి ఓడలు ఎక్కిన తెలుగువాళ్లు వేలమంది. వాళ్లను ఆకలి ఎక్కించింది. మనల్ని పింఛను ఎక్కిస్తోంది. ఆ తేడా గుర్తుంటే ఓడలో కాఫీ చల్లగా ఉందని ఎవరితోనూ పోట్లాడబుద్ధి కాదు.

మిత్రులారా, ముందుగా తెలుసుకోవలసిందేమంటే ఓడలు రెండు రకాలు. ఒకటి ఊరు చేర్చే ఓడ, రెండోది విహారానికి తిప్పే ఓడ. చెన్నై నుంచి, విశాఖ నుంచి అండమానుకు పోయేవి మొదటి రకం. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. అక్కడికి సుమారు రెండున్నర నుంచి మూడు రోజుల ప్రయాణం. డీలక్స్ గది నుంచి బంకు దాకా తరగతులుంటాయి. మేము 2010 ఫిబ్రవరిలో చెన్నై నుంచి వెళ్లాం. ఆ ఓడలో అట్టహాసం లేదు. వేళకు భోజనం, మిగతా పొద్దంతా సముద్రం, అంతే. మా ఆవిడ మాత్రం రెండో రోజు తెల్లవారుజామున డెక్కు మీద నిలబడి, నాలుగు వైపులా ఎక్కడా గట్టు కనబడకపోయేసరికి చాలాసేపు మాట్లాడలేదు. పెళ్లయిన 35 ఏళ్లలో ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను అదే చూడటం. (నవ్వులు) ఆమె ఆడవాళ్ల వరుసలోనే కూర్చుని ఉంది కనుక ఇంతకంటే చెప్పను.

ఈ ఓడలకు పోయేవారు రాకపోకల తేదీల్లో రెండు మూడు రోజుల వెసులుబాటు ఉంచుకోవాలి. వాతావరణాన్ని బట్టి తేదీ మారుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం కాస్త నెమ్మది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. టిక్కెట్టు కొనేటప్పుడే కింది పడక అడగండి. నిచ్చెనెక్కి పై బంకులో పడుకునే వయసు మనది కాదు.

రెండో రకం విహార ఓడ. అదొక తేలే హోటలు. పది పన్నెండు అంతస్తులు, రెండు వేల మంది దాకా జనం, పాటలు, ఆటలు, రోజంతా తిండి. సింగపూరు నుంచి పెనాంగ్, ఫుకెట్ వైపు పోయే ఓడల్లో మనవాళ్లు చాలామంది తిరిగారు. 2022 జూన్‌లో చెన్నై నుంచి, విశాఖ నుంచి కూడా ఇలాంటి ఓడ బయల్దేరింది. 2023లో విశాఖ రేవులో దీనికోసమే ఒక టెర్మినల్ కట్టి ప్రారంభించారు. అంటే పాస్‌పోర్టు లేనివారికీ ఈ ముచ్చట అందుబాటులోకి వచ్చిందన్నమాట. ఓడలు ఎప్పుడు ఎక్కణ్ణుంచి ఉన్నదీ ఏటికేడు మారుతుంది, కనుక్కుని బయల్దేరాలి.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఈ ప్రసంగమంతా మరిచిపోయినా ఇదొక్కటి మరిచిపోవద్దు.

2018లో సింగపూరులో ఉన్న మా అబ్బాయి మా ఇద్దరికీ నాలుగు రోజుల ఓడ ప్రయాణం ఏర్పాటు చేశాడు. రేవులో పెద్ద పెట్టెలు వాళ్లే తీసుకుని, చీటీ కట్టి, తర్వాత మన గది తలుపు దగ్గర పెడతారు. మా ఆవిడకు చక్కెర జబ్బు. రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకోవాలి. ఆ మందులన్నీ నేను పెద్ద పెట్టెలో సర్దాను. అదే పెట్టెలో నా ఇస్త్రీపెట్టె కూడా పెట్టాను. ఇస్త్రీ లేని చొక్కా తొడగడం నాకు అలవాటు లేదు. ఓడలో అన్నిటికంటే భయపడేది నిప్పుకు. ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్, నీళ్లు కాచుకునే హీటరు వంటివి లోపలికి రానివ్వరని నాకు తెలియదు. మా పెట్టెను తనిఖీలో ఆపేశారు. వచ్చి చూసుకోమని గదిలో ఒక చీటీ పెట్టారు. దాన్ని నేను ఏదో ప్రకటన కాగితమనుకుని పక్కన పడేశాను.

రాత్రి ఎనిమిదైంది, పెట్టె రాలేదు. ఎవరిని అడగాలో తెలియలేదు. వస్తుందిలే అని ఆమె భోజనం చేసింది. పది గంటలకు దప్పిక, ఒళ్లంతా నీరసం, మాట తడబడటం. గదిలోని ఫోను తీసి ఏ మీటా నొక్కాలో తెలియక అన్నీ నొక్కాను. చివరికి ఒక పనిపిల్లవాడు వచ్చి చక్రాల కుర్చీలో కింది అంతస్తులోని ఆసుపత్రికి తీసుకుపోయాడు. పరీక్ష చేస్తే చక్కెర 386. డాక్టరు ఇన్సులిన్ ఇచ్చి రెండు గంటలు అక్కడే ఉంచుకున్నారు. వారు చాలా మంచివారు. బిల్లు మాత్రం డాలర్లలో వచ్చింది, నా పింఛనులో సగం పోయింది. ఆ రెండు గంటలూ నేను బల్ల మీద కూర్చుని, ఆమెకేమన్నా అయితే చుట్టూ నీళ్లు తప్ప మనిషి లేడే అనుకుంటూ గడిపాను. ఇస్త్రీపెట్టెకు రసీదు ఇచ్చి, దిగేరోజు భద్రంగా తిరిగి ఇచ్చారు. మా ఆవిడ దాన్ని ఇప్పటికీ ‘డాలర్ల పెట్టె’ అనే పిలుస్తుంది.

కాబట్టి మొదటి సలహా. మందులు చేతిసంచిలోనే ఉండాలి. ప్రయాణ దినాలకు ఇంకో వారం కలిపి, డాక్టరు చీటీతో సహా పెట్టుకోండి. ఇన్సులిన్ను విమానంలో కింది సామానులో వేస్తే గడ్డకట్టి పాడయ్యే ప్రమాదముంది. సింగపూరు గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. మందుల వేళ ఎలా మార్చుకోవాలో బయల్దేరక ముందే మీ డాక్టరును అడగండి.

రెండవది, బీమా. మన హెల్త్ కార్డు నడిసముద్రంలో చెల్లదు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు బి.పి., చక్కెర, గుండెకు వేసిన స్టెంటు, ఏదీ దాచవద్దు. దాచితే ప్రీమియం కొంత తగ్గవచ్చు, కానీ అవసరం పడ్డనాడు పైసా రాదు.

మూడవది, వీసా. కడప శాఖ మిత్రులొకరు సియాటిల్‌లో ఉన్న కొడుకు దగ్గరికి పోయినప్పుడు అలాస్కా ఓడకు డబ్బు కట్టారు. అమెరికా వీసా ఉంది కదా అనుకున్నారు. ఆ ఓడ మధ్యలో కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. దాని మూలంగా విదేశీ జెండా ఓడలు అలా మధ్యలో పరాయి రేవును తాకక తప్పదు. మిత్రుల దగ్గర కెనడా వీసా లేదు. రేవు దాకా పోయి వెనక్కి వచ్చారు. అలాగే సింగపూరులో ఎక్కి మళ్లీ సింగపూరులోనే దిగేవారికి, తిరిగి ప్రవేశించడానికి పనికొచ్చే వీసా ఉండాలి.

నాలుగవది, ఖర్చు. టిక్కెట్టు ధర చూసి మోసపోవద్దు. రేవు రుసుములు, రోజుకు మనిషికి ఇంత అని సేవా రుసుము, ఊళ్లు చూపించడానికి వేరే డబ్బు, ఇంటర్నెట్టుకు వేరే. మాకు పైఖర్చే టిక్కెట్టులో మూడోవంతు అయింది. ఓడ కదలగానే సెల్‌ఫోను విమానం గుర్తులో పెట్టండి. లేకపోతే ఓడ వారి నెట్‌వర్కు పట్టుకుని బిల్లు వేలల్లో వస్తుంది. ఒంటరిగా పోయేవారు ఒక గదికి ఇంచుమించు ఇద్దరి డబ్బూ కట్టవలసి వస్తుంది, తోడు వెతుక్కోవడం మేలు.

ఐదవది, గది. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. వాంతుల భయమున్నవారు అక్కడే తీసుకోవాలి. కళ్లు తిరుగుతుంటే గదిలో ముడుచుకోక డెక్కు మీదికొచ్చి దూరంగా ఆకాశం నీళ్లను తాకే చోటు చూడండి. వాంతుల మాత్రలు మత్తు తెస్తాయి. మన వయసులో అడగకుండా వేసుకోవద్దు. స్నానాల గది గడప ఎత్తుగా ఉంటుంది. రాత్రిపూట చూసి దాటాలి.

ఆరవది, భోజనం. శాకాహారమని టిక్కెట్టు కొన్నప్పుడే రాయించాలి. సీలు వేసిన పొట్లాల్లో పప్పుల పొడి, బొరుగులు తీసుకుపోవచ్చు. మూడో రోజుకు ఆ పొడి విలువ తెలుస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏదీ ముట్టవద్దు, వేలమంది ఒకేచోట తినే చోట విరేచనాలు త్వరగా అంటుకుంటాయి.

ఏడవది, అన్నిటికంటే ముఖ్యం. ఓడ బయల్దేరేముందు ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపిస్తారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే అక్కడికి పోవాలి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది పోయారు. ఆ ఓడలో చాలామంది ప్రయాణికులకు ఆ శిక్షణ ఇంకా జరగనే లేదు. అందుకే దాన్ని తప్పించుకుని గదిలో కునుకు తీయవద్దు. నది లాంచీలకైనా ఇదే మాట. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగింది. ఆ ఇళ్ల కన్నీళ్లు మనం టీవీలో చూశాం. లైఫ్ జాకెట్ ఉక్కపోస్తుందని ఎవరూ విప్పవద్దు. వరద పోటులో పడవ ఎక్కనే వద్దు.

చేతిలో అంత డబ్బు లేనివారు, ధైర్యం చాలనివారు ముందు మన కృష్ణమీద పరీక్షించుకోండి. జలాశయం నిండుగా ఉన్నప్పుడు నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ నడుపుతుంటారు. నల్లమల కొండల మధ్య ఒక పూట పైగా ప్రయాణం. మెట్లు ఎక్కగలరా, అంతసేపు కూర్చోగలరా, నీళ్లంటే భయమా, అన్నీ ఆ ఒక్కరోజులో తేలిపోతాయి. పైగా మల్లన్న దర్శనం.

అందరూ నాతో ఏకీభవించరని తెలుసు. ప్రొద్దుటూరు మిత్రులొకరు, “ఏమప్పా, నీళ్ల మీద ఊరికే తిరిగేదానికి అంత దుడ్డా? ఆ దుడ్డుతో నాలుగుసార్లు కాశీకి పోయి రావచ్చు” అన్నారు. కాదనను. ఒక రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్‌గారేమో, “కాశీలో గది వెతుక్కుని, పెట్టె మోసుకుని, మోకాళ్లు అరిగిపోయాయి. ఓడలో ఒకసారి పెట్టె విప్పితే చాలు, ఊళ్లే మన దగ్గరికొస్తాయి” అన్నారు. అదీ నిజమే. పాటల హోరు, జూదపు గదులు నచ్చనివారికి అండమాను ఓడే హాయి.

చివరగా ఒక్క మాట. మా పక్కింటి మిత్రుడు, మన సంఘం సభ్యుడే, ఓడ ఎక్కాలని నాకంటే ముందు నుంచి అంటుండేవాడు. కూతురి పెళ్లి కానీ అన్నాడు, ఇంటి అప్పు తీరనీ అన్నాడు, మనవడి ఇంజనీరింగు సీటు తేలనీ అన్నాడు. అన్నీ అయి, 2020 వేసవికి మేము నలుగురం పోదామనుకున్నాం. మార్చిలో ప్రపంచమంతా ఓడలు ఆగిపోయాయి. 2021 మేలో ఆయన కరోనాతో పోయాడు. మరుసటి ఏడు చెన్నై ఓడకు ఆయన శ్రీమతిని బతిమాలి తీసుకుపోయాం. ఆమె, మా ఆవిడ ఒక గదిలో, నేను మరో మిత్రుడితో పక్క గదిలో. ఆమె మొదటి రోజు బయటికే రాలేదు. రెండో రోజు సాయంత్రం డెక్కు మీదికొచ్చి కూర్చుని, “ఆయనుంటే ఇప్పటిదాకా అయిన ఖర్చంతా డైరీలో రాసుకుంటా ఉండేవాడన్నా” అంది. నవ్వింది కూడా. తర్వాత చాలాసేపు అక్కడే కూర్చుంది.

పిల్లలు పంపిస్తారని, ఇంకో బకాయి డి.ఎ. వస్తుందని కూర్చోవద్దు. ఓడే ఎక్కనక్కరలేదు. పోవాలనుకున్నది శ్రీశైలం లాంచీ అయినా సరే, మోకాళ్లు మాట వింటున్నప్పుడే, ఇద్దరూ ఉన్నప్పుడే పోయి రండి. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవలసిన నెల మాత్రం చూసుకుని బయల్దేరండి. బతికి ఉన్నామని నిరూపించుకోవడం కూడా మనకు ముఖ్యమే కదా. (నవ్వులు)

వివరాలు కావలసినవారు సమావేశం తర్వాత కలవండి. మందుల సంచి ఎలా సర్దాలో మా ఆవిడ చూపిస్తుంది. సెలవు.