పురపాలక బిల్లుల సాఫ్ట్‌వేరు – భాగస్వామిని ఎన్నుకోవడం ఎలా?

(మన జిల్లా శాఖ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు, లైఫ్ సర్టిఫికెట్టు గురించి మాట్లాడుకునే వేదిక మీద సాఫ్ట్‌వేరు అమ్మకం సంగతి ఎందుకని ఉదయం ఒకరిద్దరు మిత్రులు అడిగారు. కారణం ఉన్నది. మన సభ్యుల పిల్లలు, అల్లుళ్లు, కోడళ్లు చాలామంది కంప్యూటరు రంగంలో ఉన్నారు. కొందరు ఉద్యోగం మానుకుని సొంతంగా చిన్న కంపెనీలు పెట్టి, ఇంటి పన్నుకు, కుళాయి పన్నుకు బిల్లులు తయారుచేసే ప్రోగ్రాములు రాస్తున్నారు. వాటిని పురపాలక సంఘాలకు అమ్మాలంటే తోడు కావాలి. అప్పుడు ఇంట్లో ఉన్న రిటైర్డు ఉద్యోగి గుర్తుకు వస్తాడు. “నాన్నగారూ, కమిషనరు గారు మీకు తెలుసు కదా!” అనేది మొదటి మాట. “మీ ఎఫ్.డి. కొన్నాళ్లు బ్యాంకులో పెడితే టెండరు వేస్తాం” అనేది రెండవ మాట. ఈ రెండు మాటలకూ ఏమి జవాబు చెప్పాలో ఆలోచించడమే ఈనాటి నా ప్రసంగం.

నా అభిప్రాయం ముందే మనవి చేస్తాను. ఈ వ్యాపారంలో పలుకుబడి ఉన్న భాగస్వామి వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. డిమాండు రిజిస్టరు తెలిసినవాడు, బిల్లులు పంచిన మరునాడు కూడా ఊళ్లో కనిపించేవాడు దొరికితే అతడే అసలైన భాగస్వామి.

బిల్లు వెనుక ఉన్న పని

బయటివారికి బిల్లు అంటే ఒక కాగితం. రెవిన్యూ విభాగంలో పనిచేసిన మనకు తెలుసు, దాని వెనుక డిమాండు, కలెక్షను, బ్యాలెన్సు అనే మూడు లెక్కలున్నాయి. ఇంటి పన్ను అర్ధ సంవత్సరానికి ఒకసారి వేస్తారు. ఏడాది పన్నంతా ఏప్రిల్‌లో ఒకేసారి కట్టినవారికి 5 శాతం తగ్గింపు ఇచ్చే పద్ధతి ఉన్నది. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ. ఖాళీగా ఉన్న ఇంటికి రెమిషను, కోర్టులో ఉన్న కేసులు, యజమాని చనిపోయి పేరు మారని ఇళ్లు, ఒకే ఇంటికి రెండు అసెస్‌మెంటు నంబర్లు, ఏ ఇంటిదో తెలియని కుళాయి కనెక్షన్లు – ఇవన్నీ ఆ రిజిస్టరులోనే ఉంటాయి.

ప్రభుత్వ నిర్ణయాలు కూడా మారుతుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుండి పన్నుకు ఆధారం అద్దె విలువ కాకుండా ఆస్తి మూలధన విలువ అయింది. తెలంగాణలో 2020లో పాత ఇంటి పన్ను బకాయిల మీద వడ్డీలో 90 శాతం మాఫీ చేస్తూ ఒక పథకం తెచ్చారు. హైదరాబాదులో 2021 జనవరిలో నెలకు 20 వేల లీటర్ల వరకు ఇంటి అవసరాలకు ఉచిత నీరు ప్రారంభించి, దానికి పనిచేసే మీటరు, ఆధారు అనుసంధానం షరతులుగా పెట్టారు. ఉత్తర్వు ఒక రోజున వస్తుంది. తరువాతి బిల్లు దాని ప్రకారమే రావాలి. ప్రోగ్రాము రాసిన వ్యక్తి దానిని అప్పజెప్పి వెళ్లిపోతే ఆ మార్పు ఎవరు చేస్తారు? చేసినందుకు డబ్బు ఎవరిస్తారు? భాగస్వామి కోసం వెదికేటప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్నలివి.

నేను పనిచేసిన ఒక పట్టణంలో జరిగిన సంగతి చెబుతాను. రిజిస్టర్లను కంప్యూటరులోకి ఎక్కించే పని ఒక కంపెనీకి ఇచ్చారు. గడువులోగా ఎక్కించారు, బిల్లు కూడా పుచ్చుకున్నారు. ప్రారంభ నిల్వలను మాత్రం పాత లెడ్జరుతో సరిచూడలేదు. మొదటి విడత బిల్లులు పంచగానే, కట్టిన పన్నే మళ్లీ బకాయిగా వచ్చిందని జనం కౌంటరు ముందు నిలబడ్డారు. ఒక పెద్దావిడ భర్త దాచిన పదేళ్ల రసీదులు గుడ్డసంచీలో వేసుకుని వచ్చింది. రసీదులు దాచని వారి గతి ఏమిటి? కంపెనీ ఇంజినీరు ఎక్కడో మహానగరంలో ఉన్నాడు. తిట్లు తిన్నది మన బిల్ కలెక్టర్లు. సాఫ్ట్‌వేరులో తప్పు లేదు, భాగస్వామ్యంలో లోపం ఉంది. రిజిస్టరు చదవగలిగిన మనిషిని ఆ కంపెనీ పక్కన పెట్టుకోలేదు.

కాలం మారింది, దారులు మారాయి

ఒకప్పుడు ఊరికొక ప్రోగ్రాము ఉండేది. 1999 డిసెంబరులో హైదరాబాదు, సికిందరాబాదు జంట నగరాలలో ‘ట్విన్స్’ పేరుతో ఒకే కౌంటరులో కరెంటు, నీటి బిల్లులు, పన్నులు కట్టే ఏర్పాటు మొదలయింది. అదే 2001 ఆగస్టులో ‘ఈ-సేవ’ అయింది. 2011 నవంబరులో ‘మీసేవ’ వచ్చింది. ఈ-సేవలో గమనించవలసిన విషయం, ప్రైవేటు భాగస్వామికి ప్రతి లావాదేవీకి ఇంత అని చెల్లించే పద్ధతి. జనం వస్తేనే అతడికి ఆదాయం. కనుక కౌంటరు తెరిచి ఉంచడం అతడి అవసరం కూడా అయింది.

2003లో నందన్ నీలేకని, శ్రీకాంత్ నాథముని బెంగుళూరులో ‘ఈ-గవర్నమెంట్స్ ఫౌండేషన్’ స్థాపించారు. లాభాపేక్ష లేని ఆ సంస్థ తయారుచేసిన ‘డిజిట్’ వేదిక ఓపెన్ సోర్సుది, అంటే దాని కోడు ఎవరైనా వాడుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 110 పురపాలక సంస్థలకు ఆ సంస్థ సాఫ్ట్‌వేరుతోనే ఒకే విధమైన ఏర్పాటు చేశారు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం జాతీయ పట్టణ డిజిటల్ మిషను ప్రకటించింది.

దీని అర్థం మన పిల్లలు గ్రహించాలి. ఒక్కొక్క కమిషనరు దగ్గరకు వెళ్లి మొత్తం బిల్లింగు ప్రోగ్రాము అమ్ముకునే రోజులు చాలావరకు పోయాయి. నిర్ణయాలు రాష్ట్ర స్థాయిలో జరుగుతున్నాయి. అయినా చిన్న కంపెనీకి పని లేకుండా పోలేదు. మీటరు రీడింగు తీసుకోవడం, ఇంటి వద్దనే బిల్లు ఇవ్వడం, రిజిస్టర్లు సరిచేయడం, ఇళ్ల సర్వే, సిబ్బందికి శిక్షణ, ఫిర్యాదుల పరిష్కారం – ఇవన్నీ పెద్ద కాంట్రాక్టరు ఒక్కడే చేసుకోలేని పనులు. ఆ పెద్ద కాంట్రాక్టరుకు తోడుగా చేరడమే నేడు చిన్నవారికి ఎక్కువగా తెరిచి ఉన్న దారి.

ఎటువంటి భాగస్వాములు కావాలి?

మొదటివాడు టెండరు వేయగలిగిన పెద్ద కంపెనీ. టెండర్లలో ఇంత టర్నోవరు ఉండాలి, ఇలాంటి పని ఇంతకుముందు చేసి ఉండాలి అని షరతులుంటాయి. కొత్త కంపెనీకి అవి ఉండవు. కనుక పెద్దవారితో కలిసి కన్సార్టియంగానో, సబ్ కాంట్రాక్టరుగానో వెళ్లాలి. వారి పేరు చూసి మురిసిపోకుండా, ఇంతకుముందు వారి కింద పనిచేసిన చిన్న కంపెనీలకు డబ్బు సకాలంలో ముట్టిందా అని ఇద్దరు ముగ్గురిని విచారించాలి.

రెండవవాడు జిల్లా స్థాయిలో కంప్యూటర్లు, ప్రింటర్లు సరఫరా చేసి మరమ్మతు చేసే వ్యాపారి. ఇతడిని చాలామంది చిన్నచూపు చూస్తారు. కాని మార్చి 31వ తేదీ సాయంత్రం కౌంటరులో ప్రింటరు ఆగిపోతే వచ్చేవాడు ఇతడే. కార్యాలయం వారికి నమ్మకం కలిగేది కూడా ఇతడి మీదనే.

మూడవది సొమ్ము జమచేసుకునే బ్యాంకు, ఫోను ద్వారా చెల్లింపులు స్వీకరించే సంస్థ. కట్టిన డబ్బు అదే రోజున సరైన అసెస్‌మెంటు నంబరు కింద జమకాకపోతే ఎంత మంచి ప్రోగ్రామైనా చెడ్డపేరు తెచ్చుకుంటుంది.

నాల్గవవాడు రిజిస్టరు తెలిసినవాడు. ఇక్కడ మనవంటి వారికి గౌరవప్రదమైన స్థానం ఉన్నది. పాత లెడ్జరు చదవడం, వార్డులవారీగా బకాయిలు సరిచూడటం, కొత్త బిల్ కలెక్టర్లకు శిక్షణ ఇవ్వడం మనకు వచ్చిన పనులు. వాటికి నెలకు ఇంత అని రాసుకుని, చెక్కు ద్వారా ఫీజు తీసుకోవడంలో తప్పు లేదు.

కాగితం మీద ఏముండాలి?

కన్సార్టియం ఒప్పందాలలో ఉమ్మడిగాను, విడివిడిగాను బాధ్యులమని ఒక వాక్యం ఉంటుంది. పెద్ద భాగస్వామి పని చెడగొట్టినా చిన్నవాడి మెడకు చుట్టుకునే వాక్యమది. దానిని చదవకుండా సంతకం పెట్టరాదు. “మాకు ప్రభుత్వం నుండి వచ్చిన తరువాతే మీకు ఇస్తాం” అనే షరతు మరొకటి. పురపాలక బిల్లులు ఎంత ఆలస్యమవుతాయో ట్రెజరీ చూసిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ నెలలలో చిన్న కంపెనీ జీతాలు ఎక్కడి నుండి ఇస్తుంది?

సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి చట్టం కొంత రక్షణ ఇచ్చింది. ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ ఇవ్వాలి. ఆ రక్షణ కోసం ‘ఉద్యమ్’ రిజిస్ట్రేషను ఒప్పందానికి ముందే చేయించుకోవడం క్షేమం. చిన్న సంస్థలకు ధరావతు మినహాయింపు ఉన్నదని కొందరు ధీమాగా ఉంటారు. 2012 నాటి ఆ విధానం కేంద్ర ప్రభుత్వ శాఖలకు, సంస్థలకు సంబంధించినది. పురపాలక టెండరులో ఉన్నదో లేదో ఆ టెండరు కాగితంలోనే చూసుకోవాలి.

ఇంకొక మూడు విషయాలు రాసుకోవాలి. ఉత్తర్వులు మారినప్పుడు చేసే మార్పులకు విడిగా రేటు. పన్ను చెల్లించేవారి వివరాలు పురపాలక సంఘానివే తప్ప కంపెనీవి కావన్న మాట. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. భాగస్వాములు విడిపోతే ఆ ఊరి బిల్లులు ఆగకుండా ఎవరు నడపాలన్న ఏర్పాటు.

మన పేరు, మన సొమ్ము

ఇప్పుడు మొదటి మాటకు వస్తాను. “కమిషనరు గారు తెలుసు కదా” అన్నప్పుడు పరిచయం చేయడం వరకు తప్పు కాకపోవచ్చు. కాని ఆర్డరు వస్తే ఇంత శాతం అని మాట్లాడుకుంటే మాత్రం ప్రమాదం. అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. వ్యక్తిగత పలుకుబడితో ప్రభుత్వోద్యోగి చేత అక్రమంగా పని చేయించడానికి ప్రతిఫలం పుచ్చుకుంటే, పుచ్చుకున్నవాడు ఉద్యోగి కాకపోయినా 7-ఎ సెక్షను కింద నేరమే. శిక్ష మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు ఉంటుంది. లంచమిచ్చిన వాణిజ్య సంస్థ కూడా అదే చట్టం కింద నేరస్థురాలే. పదవీ విరమణ తరువాత వాణిజ్య ఉద్యోగంలో చేరడానికి పింఛను నిబంధనలలో షరతులున్నాయి. ఇటీవలనే రిటైరైన వారు తమకు వర్తించే నిబంధన చదివి, అవసరమైతే అనుమతి తీసుకుని చేరాలి. ముప్పై ఏళ్లు మచ్చ లేకుండా చేసిన సర్వీసు ఒక కమీషను రసీదుతో పోగొట్టుకోదగినది కాదు.

రెండవ మాట డబ్బు గురించి. పిల్లలకు సాయం చేయవద్దని నేను అనను. అది మన రక్తంలో లేదు. అయితే సాయం ఏ రూపంలో ఇస్తున్నామో తెలుసుకోవాలి. టెండరు వచ్చాక పని పూర్తిచేస్తామన్న హామీగా బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. దానికి బ్యాంకువారు మీ ఎఫ్.డి.ని తాకట్టుగా అడుగుతారు. మామూలుగా ఈ గ్యారంటీలు బేషరతుగా ఉంటాయి. పని ఇచ్చినవారు అడిగితే, తప్పు ఎవరిదన్న వాదనతో సంబంధం లేకుండా బ్యాంకు చెల్లిస్తుంది. ఆ మేరకు మీ ఎఫ్.డి. పోతుంది. కాంట్రాక్టు గడువు ముగిసేవరకు ఆ సొమ్ము మీకు అక్కరకు కూడా రాదు. ఈ వయసులో ఒక ఆపరేషను వస్తే అప్పు కోసం వెళ్లవలసి ఉంటుంది. కనుక దంపతులిద్దరి వైద్యానికి, ఇంటి ఖర్చుకు కావలసినది పక్కన పెట్టి, పోయినా తట్టుకోగలిగినంతే ఇవ్వండి. ఇచ్చేది అప్పా, వాటానా అన్నది కాగితం మీద రాయించండి. కన్నకొడుకుతో కాగితమా అని మొహమాటపడకండి. మిగిలిన పిల్లలతో రేపు మాట రాకుండా కాపాడేది ఆ కాగితమే. మీ శ్రీమతికి తెలియకుండా ఏ తాకట్టు మీదా సంతకం చేయకండి. మీ తరువాత ఫ్యామిలీ పెన్షనుతో నెట్టుకురావలసినది ఆమె.

ముగించే ముందు ఒక సూచన. మన సంఘంలో రెవిన్యూ, అకౌంట్సు, ఆడిట్, ట్రెజరీ శాఖలలో పనిచేసిన వారున్నారు. నలుగురైదుగురు కలిసి నెలకొక రోజు సంఘ కార్యాలయంలో కూర్చుంటే, మన సభ్యుల పిల్లలు తెచ్చిన ఒప్పందాలను, టెండరు కాగితాలను ఉచితంగా చదివి చెప్పవచ్చు. కార్యవర్గం దీనిని పరిశీలించవలసిందిగా కోరుతున్నాను. సిఫారసు చేయలేని పిల్లవాడికి కూడా మనం చేయగలిగిన సహాయం ఇది. ఆ కాగితాలలో ఏ వాక్యం దగ్గర ఆగి రెండవసారి చదవాలో సర్వీసులో నేర్చుకున్నవాళ్లం మనం.