ఢిల్లీ తీర్మానాల పుస్తకం
(2024 వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న ఎన్నికలప్పుడు గ్రామ సంఘం మీటింగులో ఒక అక్క లేచి అడిగింది: "ఆడవాళ్లకు పార్లమెంటులో మూడో వంతు సీట్లని చట్టం చేశారు కదా, మరి మన దగ్గర నిలబడ్డవాళ్లంతా మగవాళ్లేనేం?" ఆఫీసు బేరర్లం నలుగురం ఉన్నాం, ఒక్కరికీ జవాబు తెలియలేదు. సిగ్గనిపించింది. తర్వాత కూర్చుని చదువుకున్నాం. అర్థమైనంతవరకు ఇవాళ చెప్తాం.

ముందు డబ్బు సంగతి, మనకు తొందరగా అర్థమయ్యేది అదే. మూడేళ్ల కింద మన సమాఖ్యలోనే ఒక సంఘంలో తీర్మానం రాయకుండా చెక్కు మీద సంతకాలు పెట్టి డబ్బు తీశారు. డబ్బయితే తిరిగి వచ్చింది. కానీ ఆ సంఘంలో ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి ఆరు నెలలు పట్టింది. అప్పటినుంచి తీర్మానం లేనిదే చెక్కు రాయడం లేదు. రాజ్యాంగంలో ఉన్నదీ ఇంచుమించు ఇదే. కేంద్రం వసూలు చేసే పన్నులు, తెచ్చే అప్పులు సంచిత నిధిలో చేరతాయి. పార్లమెంటు చట్టం చేస్తే తప్ప అందులోంచి రూపాయి తీయడానికి లేదని 114వ అధికరణం. చట్టం లేకుండా పన్ను వేయడానికీ లేదని 265వది. ఎంత పెద్ద మంత్రికైనా ఇదే లెక్క.

మన జీవనోపాధుల మిషన్‌కు కేంద్రం ఇచ్చే వాటా కూడా గ్రామీణాభివృద్ధి శాఖ పద్దు కింద అక్కడ ఓటుకు వెళ్లి రావాల్సిందే. పద్దుల మీద ఓటు లోక్‌సభది మాత్రమే. రాజ్యసభ మాట్లాడొచ్చు, ఓటు వేయలేదు. ద్రవ్య బిల్లును 14 రోజుల్లో తిప్పి పంపాలి. అది చెప్పిన సూచనలను లోక్‌సభ తీసుకోవచ్చు, పక్కన పెట్టొచ్చు. ఇంత అధికారం ఉండి కూడా చాలా శాఖల పద్దులకు చర్చ జరగదు. గడువు చివరి రోజున మిగిలినవన్నీ కలిపి ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు, దాన్ని గిలటిన్ అంటారట. అన్నం చల్లారిపోతోందని మనమూ చివరి అంశాలు అట్లాగే కానిచ్చేస్తుంటాం, కాబట్టి నవ్వడానికి మనకూ హక్కు లేదు.

ఖర్చయ్యాక లెక్క అడిగేది కూడా పార్లమెంటే. కాగ్ నివేదికలను ప్రజా పద్దుల సంఘం పరిశీలిస్తుంది. అందులో 22 మంది సభ్యులు, మంత్రులెవరూ ఉండరు. 1967 నుంచి అధ్యక్షత ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. పెట్టె తాళం ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర అని మనం పెట్టుకున్నది ఇందుకే కదా.

మంత్రివర్గం లోక్‌సభకు జవాబుదారీ. నమ్మకం పోతే దిగిపోవాలి. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269కి 270 ఓట్లతో, అంటే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక్క సభ్యురాలు రాకపోతే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక రాష్ట్రాలను విడదీసే అధికారం, అది మనం కళ్లారా చూసిందే. 2014 జనవరిలో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. 3వ అధికరణం ప్రకారం శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాలని లేదు. అది మంచిదా చెడ్డదా అంటే ఈ పందిట్లోనే రెండు మాటలు వస్తాయి, అందులోకి దిగం.

ఇప్పుడు ఆ అక్క ప్రశ్న. రాజ్యాంగాన్ని సవరించాలంటే ఉత్త మెజారిటీ చాలదు. ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో సగం కంటే ఎక్కువ మంది, హాజరై ఓటు వేసినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. మహిళా బిల్లు మొదట 1996లో వచ్చింది. 2010లో రాజ్యసభ దాటి లోక్‌సభలో ఆగిపోయింది. చివరికి 2023 సెప్టెంబరులో లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. రాజ్యసభలో 214 మందీ అవునన్నారు. 106వ సవరణ అయింది.

మరి సీట్లేవి? ఆ చట్టంలోనే ఒక షరతు ఉంది. చట్టం అమల్లోకి వచ్చాక జరిగే మొదటి జనాభా లెక్కలు వెలువడాలి, వాటి ప్రకారం నియోజకవర్గాల పునర్విభజన జరగాలి, ఆ తర్వాతే రిజర్వేషన్. లోన్ మంజూరైందని చెప్పి, ఇంకో కాగితం వచ్చాక ఖాతాలో వేస్తామన్నట్టు ఉంది. మొన్న ఎన్నికల్లో 543 మందిలో గెలిచిన ఆడవాళ్లు 74 మంది. మూడో వంతంటే 181 కావాలి. షరతు పెట్టకుండా ఇవ్వొచ్చు కదా అని మాకు అనిపించింది. అట్లా అడిగినవాళ్లు సభలోనూ ఉన్నారు.

రాజ్యాంగ సభలో ఆడవాళ్లు 15 మందే. వాళ్లలో మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి గారు ఒకరు. రాజ్యసభకు నిలబడే వయసు 35 వద్దు, 30 చాలని సవరణ పెట్టి నెగ్గించుకున్నారు.

ఎంపీకి సభలో ప్రశ్న వేసే హక్కు ఉంది, మంత్రి జవాబు చెప్పాలి. అందుకే ఒక అర్జీ రాసిపెట్టాం. జనాభా లెక్కలు ఎప్పుడు, పునర్విభజన ఎప్పుడు అని రెండే ప్రశ్నలు. ఎంపీ గారిని సభలో అడగమంటున్నాం. వేదిక ఎడమ పక్క టేబుల్ మీద ఉంది. భోజనానికి లేచే ముందు చదువుకుని, ఇష్టమైనవాళ్లు సంతకం పెట్టండి. వేలిముద్ర వేసేవాళ్లకు ఇంకుప్యాడ్ పక్కనే ఉంచాం. జవాబు వస్తే వచ్చే మహాసభలో చదివి వినిపిస్తాం. రాకపోతే రాలేదనీ చెప్తాం.